హ్యాంగ్ అప్ గారికి ఒక బాధితుడి విన్నపం

ఇంగ్లీషులో ఫోను పెట్టేయడానికి పేరైన మహారాజరాజశ్రీ హ్యాంగ్ అప్ గారికి నమస్కరించి వ్రాయునది. ఇక్కడ మేము క్షేమంగా లేము.

నిన్న మధ్యాహ్నం మూలనపడ్డ ఫ్రిజ్ గురించి కస్టమర్ కేర్‌కు ఫోను చేశాను. ‘హ్యాంగ్ ఆన్’ అందా అమ్మాయి. ఉండమంటే ఉన్నాను. వీణ వాయించారు, విన్నాను. మీ కాల్ మాకెంతో ముఖ్యం అన్నారు, నమ్మాను. పొద్దు వాలాక మీరు దయచేశారు. టుక్కుమని లైను తెగింది.

ఒక్క కడుపున పుట్టారే, మీ తమ్ముడు హ్యాంగ్ ఆన్ ఉండమంటే మీరు పొమ్మనడం ఏం మర్యాదండీ? మీ వంశమే అంత అనుకోండి. పాత ఇంగ్లీషులోని రెండు క్రియలూ, పాత స్కాండినేవియా భాష నార్స్ నుంచి వచ్చిన మరొకటీ కలగలిసి ఒకే ‘హ్యాంగ్’ అయ్యాయి. అందుకే భూతకాలంలో చొక్కా తగిలిస్తే ‘హంగ్’, మనిషిని ఉరితీస్తే ‘హ్యాంగ్డ్’. దీనికి మార్కులు కోసిన మాస్టారిని క్షమించాను. మిమ్మల్ని మాత్రం కాదు.

ఫోనులోకి మీరెలా దూరారో తెలుసు. 1876లో గ్రాహం బెల్‌కు పేటెంటు వచ్చాక కొన్నాళ్ళకు గోడ ఫోన్లు వచ్చాయి. వాటి పక్కన ఒక కొక్కెం. మాట్లాడడం అయ్యాక చెవి దగ్గరి గొట్టాన్ని దానికి తగిలిస్తే, ఆ బరువుకు కొక్కెం కిందికి దిగి లైను తెగేది. అప్పుడు మీ పేరుకు అర్థం ఉంది. ఫ్రెంచివారు, స్పెయిన్‌వారు కూడా ఫోనును ‘తగిలించే’వారే. బల్ల ఫోన్లొచ్చి కొక్కెం పోయింది, మీరు పోలేదు. ఇప్పుడు నా చేతిలో ఉన్నది గాజు పలక, దాని మీద ఎర్ర చుక్క. ఏం తగిలించాలి? ఎక్కడ తగిలించాలి?

ఆటగాడు ఆట మానేసి బూట్లు తగిలించేసినా మీరే. మనసును పట్టి వదలని పీడకూ మీ పేరే అట. నిన్నటి నుంచి నాకున్నది అదే.

నల్ల ఫోను రోజుల్లో కోపమొస్తే రిసీవరును ఠపీమని కొట్టేవాళ్ళం. ఆ దెబ్బకు లోపలి గంట కూడా ఒకసారి మూలిగేది. అవతలివాడికి చెవి అదిరేది, మనకు కడుపు చల్లబడేది. నిజం చెప్పాలంటే అప్పుడు మీరంటే ఇష్టమే. ఈ ఎర్ర చుక్కను గోరు విరిగేలా నొక్కినా ఎవడికి తెలుస్తుంది? నొక్కే భాగ్యమైనా నాకు దక్కిందా? అదీ వాళ్ళే నొక్కేశారు! సిగ్గుండాలి.

రేపు మళ్ళీ చేస్తున్నాను. ఈసారి నా చేతి మీదుగా రండి.

ఇట్లు,
లైనులోనే ఉన్న
మీ బాధితుడు