సోలార్ వ్యాపార సంఘాలు కొనుగోలుదారుడికీ జవాబు చెప్పాలి

మన హైదరాబాదులో సోలార్ వ్యాపారుల సంఘాలు ఏ వేదిక ఎక్కినా పన్ను తగ్గించమని, రాయితీ పెంచమని, లైనుకు పంపిన కరెంటునూ తీసుకున్న కరెంటునూ లెక్కించే నెట్ మీటర్లు త్వరగా ఇప్పించమని అడుగుతాయి. అవి అడగవలసినవే. సోలార్ పరికరాలపై జీఎస్టీ 2025 సెప్టెంబరులో 12 శాతం నుంచి 5 శాతానికి తగ్గినందుకు నాకూ సంతోషమే. అయితే ప్రభుత్వం ముందు సభ్యుల తరఫున నిలబడే సంఘం, సభ్యులు చేసిన పనికి కొనుగోలుదారుడి ముందు కూడా నిలబడాలని నా గట్టి అభిప్రాయం.

2024లో మొదలైన పీఎం సూర్యఘర్ పథకం కింద మూడు కిలోవాట్ల వ్యవస్థకు 78,000 రూపాయల రాయితీ వస్తుంది కనుక ధర భయం చాలావరకు తగ్గింది. తగ్గనిది అనుమానం. మా కాప్రా వైపు డాబా మీద ప్యానెళ్లు పెట్టించాలనుకునే కుటుంబాలు యూనిట్ల లెక్క కంటే ముందు, పాడైతే వచ్చి చూసేదెవరని అడుగుతున్నాయి. ప్యానెళ్లకు పాతికేళ్ల పనితీరు హామీ ఉంటుంది, ప్యానెళ్ల కరెంటును ఇంటి వాడకానికి తగ్గట్టు మార్చే ఇన్వర్టర్‌కు అంతకంటే చాలా తక్కువ. బిగించినవారు ఐదేళ్లు నిర్వహణ చూడాలన్న షరతు కూడా ఉంది. కానీ ఆ సంస్థే మూడో ఏట దుకాణం ఎత్తేస్తే ఆ కాగితాలు పట్టుకుని ఎవరి దగ్గరికి వెళ్లాలి?

పని నాణ్యత సంగతి మరీ బాధ కలిగిస్తుంది. కిలోవాటుకు రోజుకు సుమారు నాలుగు యూనిట్లు వస్తాయని చెప్పి అమ్ముతారు. డాబా ఎక్కి చూడకుండా ఫోనులో వచ్చిన ఫొటోతోనే అంచనా వేసి ఇచ్చేవారున్నారు. వేసవిలో ఎండ నిండుగా ఉన్న డాబా మీదే డిసెంబరులో, సూర్యుడు దక్షిణానికి వాలినప్పుడు, ఆ వైపు భవనం నీడో నీళ్ల ట్యాంకు నీడో పొడవుగా పరుచుకుంటుంది. వరుసగా కలిపిన ప్యానెళ్లలో ఒక్కదానిమీద నీడ పడినా ఆ వరుస ఉత్పత్తి దెబ్బతింటుంది. ఎర్తింగ్ సరిగా ఉందా, స్టాండుకు వేసిన జింకు పూత మందం చాలినంత ఉందా అన్నది ఇంటి యజమాని చూసి తెలుసుకోగలిగేది కాదు. తెలిసినవారు ఆ సంఘంలోనే ఉన్నారు.

అపార్టుమెంట్ల విషయంలో వ్యాపారుల సంఘం చేయవలసింది ఇంకా ఎక్కువ. లిఫ్టు, బోరు మోటారు వంటి ఉమ్మడి అవసరాలకు నివాసుల సంఘాలకు కిలోవాటుకు 18,000 రూపాయల రాయితీ ఉంది. అయినా టెర్రస్ అందరిదీ కావడంతో మాట తేలక చాలాచోట్ల వాయిదా పడుతోంది. అమ్మకానికి కాకుండా కేవలం వివరించడానికి ఒక నిపుణుణ్ణి నివాసుల సమావేశానికి పంపడం సంఘానికి పెద్ద ఖర్చు కాదు.

సభ్యులందరూ వాడవలసిన ఒప్పంద పత్రాన్ని వ్యాపారుల సంఘం తెలుగులో తయారుచేయాలి. ఐటీఐ చదివిన కుర్రాళ్లకు డాబా మీదే శిక్షణ ఇవ్వాలి. నాసిరకం పని చేసిన సభ్యుణ్ణి తొలగించి, ఆ పేరును బహిరంగంగా ప్రకటించాలి. అన్నిటికంటే ముందు సభ్యత్వ రుసుములో కొంత భాగాన్ని నిధిగా పెట్టి, మూతపడిన సంస్థ వదిలేసిన ఇళ్ల మరమ్మతులను మరో సభ్యుడి చేత చేయించాలి.