మా హాల్లోని ట్యూబులైటు గారికి

అయ్యా,

మొన్న ఆదివారం సాయంత్రం మిమ్మల్ని ఒక గంటసేపు ఆర్పేశాను. కోపం వచ్చే ఉంటుంది. కరెంటు పోతే తప్ప, పొద్దుగూకాక ఈ ఇంట్లో మీరు ఆరి ఎరగరు. మా శ్రీకాకుళంలో డే అండ్ నైట్ జంక్షన్ ఉందిగానీ, మీ కింద మాకెప్పుడూ డేనే.

సంగతేంటంటే, మా మామ్మ ఫోటో అడిగింది. "రేపు నాను పోతే దండెయ్యడానికి మంచి ఫోటో ఒక్కటీ నేదురా" అంది. వెతికితే నిజంగానే లేదు. వినాయకచవితి, సత్యనారాయణ వ్రతం, చెల్లి పుట్టినరోజు, అన్నింట్లోనూ మీ పనితనమే. మామ్మకి కళ్ల చోట రెండు గుంటలు, ముక్కు కింద నల్లటి మీసం. మిగతా ముఖం అప్పడంలా చదును. కళ్లద్దాల్లో అడ్డంగా ఒక తెల్లగీత. ఆ గీత తమరే.

మీరేమో గోడమీద, సీలింగుని ఆనుకుని కూర్చుంటారు. అక్కణ్ణుంచి అన్ని గోడలకీ తగిలి అందరి మీదా సమానంగా పడతారు. రేషన్ బియ్యం అలా పంచితే దండం పెడతాం. ముఖానికి అది పనికిరాదు. అరసవల్లి సూర్యుడి గుడిలో చూడండి, మార్చిలోనూ అక్టోబరులోనూ ఎండ గుమ్మంలోంచి సూటిగా వచ్చి స్వామి పాదాలు తాకుతుంది. నెత్తిమీంచి దిగదు.

పైగా మీది పాత చోకు. మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి సెకనుకి 100 సార్లు మిణుకుతారు. మా కంటికి ఆ సంగతి తెలీదుగానీ, ఫోను షట్టరు సెకనులో 1/100 వంతు కన్నా తక్కువసేపు తెరుచుకుంటే ఫోటోలో చారలు. దానికితోడు ముఖానికి ఆ పసరు రంగొకటి.

అందుకని 9 వాట్ల ఎల్‌ఈడీ బల్బు హోల్డరుకి పెట్టి, నిచ్చెనకి కట్టాను. మామ్మ కళ్లకి కాస్త పైన, ముఖానికి ఏటవాలుగా. దానికి రెండడుగుల ముందు, తాడుమీద నాన్న పొందూరు ఖద్దరు పంచె ఆరేశాను. నిమ్మకాయంత బల్బు ఆ సన్నటి నేత వెనక కిటికీ అంత అయింది. వెలుగొచ్చే చోటు పెద్దదైతే నీడ అంచులు మెత్తబడతాయి. రెండోపక్క, నీడ చెంప మీదకి కాస్త వెలుగు తిప్పికొట్టడానికి, ఫ్రిజ్ పెట్టెలో వచ్చిన థర్మోకోల్ అట్ట. (నాన్న తాడుమీద పంచెని చూసి అప్పుడేం అనలేదు. భోజనాల దగ్గర అన్నారు.)

ముదురు నీలం దుప్పటి మాత్రం మామ్మకి ఆరడుగుల వెనక కట్టాను. దూరం రెట్టింపయితే వెలుగు నాలుగో వంతుకి పడిపోతుంది కాబట్టి, ఇస్త్రీ లేని ఆ మడతలన్నీ చీకట్లో కలిసిపోయాయి.

"ఏట్రా, లైటార్పేసి ఫోటో ఏటి? దెయ్యాలకి తీస్తన్నావా?" అంది మామ్మ. కళ్లద్దాలు తీయించాను. ఫోను దగ్గర పెడితే ముక్కు పెద్దదైపోతుందని, దూరంగా బియ్యం డబ్బామీద నిలబెట్టి, జూమ్ చేసి నొక్కాను.

ఒక చెంప వెలుగులో, ఒక చెంప కాస్త నీడలో. ముక్కుపుడక మీద చిన్న మెరుపు. నోటిపక్క మడతలు ఒక్కోటీ లెక్కపెట్టొచ్చు. రెండు కళ్లలోనూ చెరో తెల్ల చదరం. అది నాన్న పంచె.

మామ్మ ఫోను దూరంగా పట్టుకుని చాలాసేపు చూసుకుంది. "బాగానే ఉన్నానురా. దండకేటి తొందర" అంది. తరవాత చేట ఒళ్లో పెట్టుకుని, "ఇంక ఆ పెద్ద లైటెయ్యి, బియ్యంలో రాళ్లు కనబడ్డం నేదు" అంది.

స్విచ్ వేశాను. మీరు నాలుగుసార్లు మిణుకు మిణుకుమని, ఎవరు పిలిచారా అని కాస్త ఆలోచించుకుని, వెలిగారు.

ఇట్లు,
ఇన్నేళ్లూ మీ కింద ఫోటోలు దిగినవాడు