అముండ్‌సెన్ రోజూ 20 మైళ్లు నడవలేదు, స్కాట్ బద్ధకస్తుడు కాదు

ఈ మెసేజ్ మీకూ వచ్చే ఉంటుంది. మా అమ్మాయి చదివే కోచింగ్ సెంటర్‌లో గోడకు కూడా అతికించారు. అందులో ఉన్నది ఇది: 1911లో దక్షిణ ధ్రువానికి రెండు బృందాలు బయలుదేరాయి, ఇద్దరికీ ఒకటే వాతావరణం. నార్వేవాడు రోల్డ్ అముండ్‌సెన్ ఎండైనా తుఫానైనా రోజుకు సరిగ్గా 20 మైళ్లు నడిచి గెలిచాడు. బ్రిటన్‌కు చెందిన రాబర్ట్ స్కాట్ వాతావరణం బాగున్న రోజు 40, 50 మైళ్లు నడిచి, బాగోలేని రోజు టెంట్‌లో పడుకుని, చివరికి ప్రాణాలు పోగొట్టుకున్నాడు. కాబట్టి క్రమశిక్షణ ఉంటే గెలుపు మీదే.

పిల్లలు రోజూ చదవాలి, నేనూ అదే చెబుతాను. కానీ అందుకోసం మంచులో చనిపోయిన స్కాట్ బృందం ఐదుగురి మీద అబద్ధం చెప్పడం నాకు బాధగా ఉంది.

ముందు ఆ 20 మైళ్ల సంగతి. అముండ్‌సెన్ స్థావరం ఫ్రామ్‌హైమ్ నుంచి ధ్రువం నేరుగా కొలిస్తే దాదాపు 1,280 కిలోమీటర్లు. 20 మైళ్లంటే 32 కిలోమీటర్లు. రోజూ అంత నడిచి ఉంటే 40 రోజుల్లో చేరిపోవాలి. కొండల్లో చుట్టు తిరిగిన దూరం కలిపినా ఇంకో నాలుగైదు రోజులు. కానీ అక్టోబర్ మూడో వారంలో బయలుదేరిన వాళ్లు ధ్రువం చేరింది డిసెంబర్ 14న, అంటే దాదాపు ఎనిమిది వారాలకు. మిగతా రోజుల్లో ఏం చేశారంటే, ముందే సరుకు దాచుకున్న డిపోల దగ్గర ఆగి, స్లెడ్జ్ బండ్లు లాగే కుక్కలకు తిండి పెట్టి విశ్రాంతినిచ్చారు. ఆక్సెల్ హైబర్గ్ హిమానీనదం ఎక్కాక 24 కుక్కలను చంపాల్సి వచ్చింది. ఆ చోటుకు 'కసాయి కొట్టు' అని పేరు పెట్టుకున్నారు. అక్కడే తుఫాను పట్టుకుంటే నాలుగు రోజులు టెంట్‌లో కూర్చున్నారు. పైన పగుళ్ల మంచులో, పొగమంచులో కొన్ని రోజులు నడక చాలా తక్కువే సాగింది. చదునైన చోట మాత్రం రోజుకు 15 నుంచి 20 నాటికల్ మైళ్లు (ఒక్కోటి దాదాపు 1.85 కిలోమీటర్లు) వెళ్లి, ఐదారు గంటలకే ఆగిపోయిన మాట నిజం. అది కుక్కలు అలసిపోకుండా చూసుకోవడం.

పైగా ఈ క్రమశిక్షణ గల మనిషి ఒకసారి గట్టిగా తొందరపడ్డాడు. స్కాట్ ముందు చేరిపోతాడేమోనన్న టెన్షన్‌తో 1911 సెప్టెంబర్ 8నే, అక్కడి చలికాలం పూర్తిగా పోకుండానే, మరో ఏడుగురితో బయలుదేరాడు. మైనస్ 56 డిగ్రీల చలి. కుక్కలు చచ్చాయి, మనుషుల మడమలు గడ్డకట్టాయి, వెనక్కి రావాల్సి వచ్చింది. వెనకబడిపోయిన తోటివాణ్ణి కాపాడి తెచ్చిన యాల్మార్ యోహాన్సెన్ అందరి ముందూ నిలదీస్తే, అముండ్‌సెన్ అతన్ని ధ్రువ బృందం నుంచే తీసేశాడు.

ఇక స్కాట్ 40, 50 మైళ్లు నడవడం. మనుషులు స్లెడ్జ్ బండిని భుజాలతో లాగుతూ మంచులో రోజుకు అంత దూరం పోవడం కుదిరే పని కాదు. అసలు మొదటి దశలో గుర్రాలతో రోజుకు ఇంత అని లెక్క పెట్టుకుని నడిచింది స్కాటే: మొదట 10 నాటికల్ మైళ్లు, తర్వాత 13. డిసెంబర్ 5 నుంచి నాలుగు రోజులు బియర్డ్‌మోర్ హిమానీనదం కింద తుఫానుకు ఆగిపోయాడు, వాతావరణాన్ని తిట్టుకుంటూ డైరీ రాశాడు, అదీ నిజమే. అముండ్‌సెన్ ఆగిందీ నాలుగు రోజులే. 1912 జనవరి 17న ధ్రువం చేరి, తిరుగుదారిలో రెండు నెలలు దాదాపు రోజూ నడిచిన వాళ్లను టెంట్‌లో పడుకున్నారని ఎలా అంటాం?

ఇద్దరికీ ఒకటే వాతావరణం అన్న మాటా నిలవదు. దారులు వేరు, నెలలు వేరు. అముండ్‌సెన్ జనవరి 25కే స్థావరం చేరిపోయాడు. స్కాట్ మార్చిలో ఇంకా మంచు మీదే ఉన్నాడు, ఆ మార్చి మామూలు కన్నా బాగా చల్లనిదని వాతావరణ శాస్త్రవేత్త సుసాన్ సోలమన్ రికార్డులు చూసి తేల్చారు.

తేడా వచ్చింది ఏర్పాట్లలో. అముండ్‌సెన్‌కు 52 కుక్కలు, పుట్టినప్పటి నుంచి స్కీల (మంచు మీద జారే పలకల) మీద తిరిగిన మనుషులు ఉన్నారు. డిపో కనబడకపోతే ఎలా అని 80 డిగ్రీల దక్షిణ అక్షాంశం దగ్గరున్న డిపోకు అటూ ఇటూ పదేసి జెండాలు పాతాడు, దారి పొడవునా 150 మంచు గుట్టలు కట్టించాడు. కిరోసిన్ డబ్బాల మూతలకు టంకం వేసి మూసేశాడు. స్కాట్ డబ్బాల్లోంచి కిరోసిన్ తగ్గిపోయింది, నిప్పు లేకపోతే మంచు కరగదు, తాగడానికి నీళ్లుండవు. నలుగురికని కట్టిన సరుకుతో ఐదుగురు వెళ్లారు. ఆ ఐదో మనిషి బవర్స్ స్కీలు వెనకే ఉండిపోయాయి.

నాకు అన్నిటికన్నా బరువుగా అనిపించేది స్కాట్ బృందం పెట్టుకున్న 'వన్ టన్' అనే డిపో. 1911 ఫిబ్రవరిలో దాన్ని 80 డిగ్రీల దగ్గర పెట్టాలనుకున్నారు. గుర్రాలు నీరసించాయి. ఇంకా ముందుకెళ్లి, అవసరమైతే గుర్రాలను చంపుదామని బృందంలో గుర్రాలు చూసే ఓట్స్ అన్నాడు. స్కాట్‌కు జాలేసింది, 50 కిలోమీటర్లకు పైగా ముందే డిపో పెట్టేశాడు. మరుసటి ఏడాది ఆఖరి టెంట్ వేసింది ఆ డిపోకు ఇంకో 20 కిలోమీటర్ల దూరంలో. 80 డిగ్రీలు అప్పటికే దాటేశారు. అంటే అనుకున్న చోట డిపో ఉండి ఉంటే దాన్ని అందుకునేవాళ్లు.

1912 నవంబర్ 12న ఆ టెంట్ దొరికింది. లోపల స్కాట్, విల్సన్, బవర్స్; మిగతా ఇద్దరు అప్పటికే దారిలో చనిపోయారు. బయట స్లెడ్జ్ మీద 16 కిలోల రాళ్లు, ఫిబ్రవరిలో బియర్డ్‌మోర్ హిమానీనదం దగ్గర ఏరుకున్నవి. వాటిలో గ్లోసోప్టెరిస్ అనే చెట్టు ఆకుల ముద్రలున్నాయి. మన గోదావరి లోయలో సింగరేణి బొగ్గుతో పాటు దొరికే ఆకు ముద్రలూ ఆ జాతివే. ఈ నేలా ఆ నేలా ఒకప్పుడు కలిసి ఉన్నాయని చెప్పే సాక్ష్యాల్లో ఇదొకటి. తిండి అయిపోయినా, కాళ్లు గడ్డకట్టినా, ప్రతి కిలో బరువూ ప్రాణం మీదికి వస్తున్నా వాళ్లు ఆ రాళ్లను పారేయలేదు, చివరి టెంట్ దాకా లాక్కొచ్చారు.