ఫుట్‌బాల్ కుర్రాడికి రెండో ఆట ఎందుకు వద్దు?

టెక్సాస్‌లో డాలస్‌కి ఉత్తరాన అలెన్ అని ఒక ఊరుంది. పక్కనే ప్లేనో, ఫ్రిస్కో. దుకాణానికి వెళ్తే తెలుగు మాట చెవిన పడకుండా బయటికి రావడం కష్టమైన చోట్లు. ఆ అలెన్‌లో 18 వేల మంది పట్టే ఫుట్‌బాల్ స్టేడియం ఉంది. 2012లో దాదాపు 6 కోట్ల డాలర్లతో కట్టారు. కాలేజీకి కాదు, హైస్కూల్‌కి! (ఇది మనకు తెలిసిన ఫుట్‌బాల్ కాదు. కోడిగుడ్డు ఆకారంలో ఉన్న బంతిని చంకలో పెట్టుకుని, హెల్మెట్లతో ఒకరినొకరు గుద్దుకునే అమెరికా ఫుట్‌బాల్.) ఆ స్కూల్‌కి ఆడిన కైలర్ మర్రీ స్టార్టర్‌గా (మొదటి నుంచీ ఆడే ఆటగాడిగా) దిగిన 42 మ్యాచ్‌ల్లో ఒక్కటీ ఓడిపోలేదు.

ఈ మర్రీయే తర్వాత ఓక్లహోమా యూనివర్సిటీలో ఫుట్‌బాల్‌తో పాటు బేస్‌బాల్ కూడా ఆడాడు. 2018 జూన్‌లో ఓక్లండ్ అథ్లెటిక్స్ బేస్‌బాల్ జట్టు డ్రాఫ్ట్‌లో (ప్రొఫెషనల్ జట్లు వంతులవారీగా కొత్త ఆటగాళ్లని ఎంచుకునే కార్యక్రమంలో) 9వ ఆటగాడిగా తీసుకుని, 46 లక్షల 60 వేల డాలర్ల బోనస్‌కి ఒప్పందం చేసుకుంది. ఇంకొక్క సీజన్ ఫుట్‌బాల్ ఆడుకోనిచ్చింది. ఆ ఒక్క సీజన్‌లో అతను కాలేజీ ఫుట్‌బాల్‌లో అత్యుత్తమ ఆటగాడికిచ్చే హైస్మన్ ట్రోఫీ కొట్టాడు. 2019 ఏప్రిల్‌లో ప్రొఫెషనల్ ఫుట్‌బాల్ లీగ్ ఎన్‌ఎఫ్‌ఎల్ డ్రాఫ్ట్‌లో మొదట పిలిచిన పేరు అతనిదే. బేస్‌బాల్ జట్టు చేతులు నలుపుకుంటూ మిగిలింది.

కాలేజీ ఫుట్‌బాల్ ఆటగాడు రెండో ఆట ఆడొచ్చా అన్న చర్చ వచ్చినప్పుడల్లా మొదట వినిపించేది గాయాల భయం. రెండు పడవల మీద కాళ్లు పెడితే మునుగుతాడంటారు. వసంతంలో బేస్‌బాల్ ఆడుతూ భుజం పట్టేస్తే, ట్రాక్ (పరుగు, హర్డిల్స్, జంప్‌ల పోటీలు) మీద తొడ కండరం లాగేస్తే, ఆగస్టు చివర్లో మొదలయ్యే ఫుట్‌బాల్ సీజన్ గతేమిటని కోచ్‌ల టెన్షన్. ఈ భయం తిరగబడి ఉందని నా అభిప్రాయం.

బో జాక్సన్‌ని చూడండి. ఆబర్న్ యూనివర్సిటీలో ఫుట్‌బాల్, బేస్‌బాల్, ట్రాక్ మూడూ ఆడాడు, 1985లో హైస్మన్ గెలిచాడు. ప్రొఫెషనల్‌గా రెండు ఆటలూ ఆడుతూ 1989 బేస్‌బాల్ ఆల్‌స్టార్ మ్యాచ్‌లో మోస్ట్ వాల్యుబుల్ ప్లేయర్ అయ్యాడు. అతని తుంటిని పాడుచేసింది బేస్‌బాల్ కాదు, 1991 జనవరిలో జరిగిన ఒక ఫుట్‌బాల్ ప్లేఆఫ్ (నాకౌట్) మ్యాచ్.

డెవన్ అలెన్ కథ ఇంకా సూటిగా ఉంటుంది. ఒరెగన్ యూనివర్సిటీలో వైడ్ రిసీవర్ (పరిగెత్తి, విసిరిన బంతి పట్టేవాడు), 110 మీటర్ల హర్డ్లర్. 2014లో హర్డిల్స్‌లో కాలేజీ టైటిల్, ఆ వెంటనే అమెరికా జాతీయ టైటిల్ గెలిచాడు. 2015 జనవరి 1న రోజ్ బౌల్ అనే పేరున్న కాలేజీ మ్యాచ్‌లో, ఆట మొదలెట్టే మొట్టమొదటి కిక్‌ఆఫ్‌కే మోకాలు పోయింది. కోలుకుని 2016 రియో ఒలింపిక్స్‌లో అయిదో స్థానంలో నిలిచాడు. తిరిగొచ్చి ఫుట్‌బాల్ ఆడితే సెప్టెంబర్‌లో రెండో మోకాలు పోయింది. రెండు మోకాళ్లనూ తిన్నది ఫుట్‌బాలే. ట్రాక్ కోచ్ వెళ్లి ఫుట్‌బాల్ కోచ్‌ని, ‘మా వాణ్ని మీ ఆటకి పంపం’ అని అనాల్సింది పోయి, ఎప్పుడూ ఫుట్‌బాల్ కోచే ట్రాక్ కోచ్‌కి షరతులు పెడతాడు. డబ్బున్న ఇంటి పెత్తనం అలాగే ఉంటుంది మరి.

అందుకని అందరూ రెండు ఆటలు ఆడాలని నేను అనను. ఇక్కడ చాలామంది వాడే ఒక వాదనని ముందే పక్కన పెట్టాలి. పిల్లలు 15, 16 ఏళ్లు వచ్చేదాకా ఒకే ఆటకి అంటుకుపోకూడదని అమెరికా పిల్లల వైద్యుల సంఘం సలహా. మంచి సలహా. ఏడో ఏట నుంచే ఒకటే కోచింగ్ అంటూ పరిగెత్తించే తల్లిదండ్రులు, మనవాళ్లతో సహా, గోడకి అంటించుకోవచ్చు. కానీ అది ఎదిగే పిల్లల సంగతి. ఇరవై ఏళ్ల కాలేజీ ఆటగాడి విషయంలో దాన్ని సాక్ష్యంగా తేవడం కుదరదు. అతనికి లెక్క వేరు, ఆ లెక్క మైదానంలో అతను ఆడే స్థానాన్ని బట్టి మారుతుంది.

వేగమే పెట్టుబడి అయిన రిసీవర్‌కో, అతన్ని అడ్డుకునే కార్నర్‌బ్యాక్‌కో ట్రాక్ దాదాపు సొంత పనే. టెక్సస్ యూనివర్సిటీకి రిసీవర్‌గా ఆడిన మార్కీస్ గుడ్విన్ లాంగ్ జంప్‌లో 2012 లండన్ ఒలింపిక్స్‌కి వెళ్లాడు, మరుసటి ఏడాది ఎన్‌ఎఫ్‌ఎల్‌లో మూడో రౌండ్‌లో ఎంపికయ్యాడు. అంతకుముందు బాబ్ హేస్ 1964 టోక్యోలో వంద మీటర్ల బంగారు పతకం గెలిచి, తర్వాత డాలస్ కౌబాయ్స్‌తో ఎన్‌ఎఫ్‌ఎల్ ఫైనల్ అయిన సూపర్ బౌల్ కూడా గెలిచాడు. జట్టు దాడిని నడిపిస్తూ బంతి విసిరే క్వార్టర్‌బ్యాక్ (మర్రీ ఆడింది ఈ స్థానమే) పరిస్థితి అది కాదు. కొత్త ఆటగాళ్లతో టైమింగ్ కుదరడం, కొత్త ఎత్తుగడలు వంటబట్టడం వసంతంలో జరిగే 15 ప్రాక్టీసుల్లోనే మొదలవుతుంది. సరిగ్గా అప్పుడే బేస్‌బాల్ సీజన్. మర్రీ రెండూ నెట్టుకొచ్చాడు గానీ, అలాంటి వాళ్లు ఎంతమంది?

అసలు చిక్కు క్యాలెండర్‌లోనూ డబ్బులోనూ ఉంది. 2024 సీజన్ నుంచి కాలేజీ ఫుట్‌బాల్ ప్లేఆఫ్‌లో జట్లు నాలుగు నుంచి పన్నెండు అయ్యాయి. ఆ ఏడాది విజేత ఒహాయో స్టేట్ 16 మ్యాచ్‌లు ఆడింది, ఫైనల్ 2025 జనవరి 20న జరిగింది. ఫిబ్రవరి మధ్యలో కాలేజీ బేస్‌బాల్ మొదలు. అంటే ఫైనల్ ఆడినవాడికి గట్టిగా నాలుగు వారాలు కూడా లేవు. ఆ తర్వాత రెగ్యులర్ సీజన్‌లోనే 56 మ్యాచ్‌ల దాకా ఉంటాయి. సీజన్‌లో వారానికి 20 గంటలకు మించి ఆట పనులు పెట్టకూడదని కాలేజీ ఆటల్ని నడిపే ఎన్‌సీఏఏ నిబంధన ఉంది, నిజమే. ప్రయాణాలు, ఫిజియో దగ్గర గడిపే సమయం అందులోకి రావు. మధ్యలో చదువు కూడా ఉందని ఎవరైనా గుర్తు చేస్తే బాగుండు.

ఇక డబ్బు. పాత పద్ధతిలో పెద్ద జట్లకి ఫుట్‌బాల్‌లో 85 స్కాలర్‌షిప్‌లు, బేస్‌బాల్‌లో కేవలం 11.7 (ముక్కలుగా పంచేవారు) ఉండేవి. రెండూ ఆడే కుర్రాడి స్కాలర్‌షిప్ ఫుట్‌బాల్ ఖాతాలోకే వెళ్లేది, దొడ్డిదారిన ఫుట్‌బాల్ ఆటగాళ్లని వేరే జట్ల పేరున తెచ్చుకోకుండా. దాని వల్ల బేస్‌బాల్ కోచ్‌కి ఖర్చు లేకుండా ఒక మంచి ఆటగాడు దొరికేవాడు. ఆటగాళ్లు వేసిన దావాలో 2025 జూన్‌లో కోర్టు ఆమోదించిన రాజీ ఒప్పందంతో, అందులో చేరిన కాలేజీలకి స్కాలర్‌షిప్ పరిమితులు పోయి జట్టులో తలల లెక్క వచ్చింది. ఫుట్‌బాల్‌కి 105, బేస్‌బాల్‌కి 34. ఒక్కో కాలేజీ మొదటి ఏడాది సుమారు 2 కోట్ల 5 లక్షల డాలర్ల దాకా ఆటగాళ్లకి నేరుగా ఇవ్వొచ్చు. 34 చోట్లే ఉన్నప్పుడు సగం కాలం కనిపించని ఆటగాడికి ఒకటి ఇవ్వడానికి బేస్‌బాల్ కోచ్ రెండుసార్లు ఆలోచిస్తాడు. డబ్బు ఇస్తున్న ఫుట్‌బాల్ విభాగం, ‘వసంతం కూడా మాదే’ అంటుంది.

ఎన్‌ఎఫ్‌ఎల్ ప్రామాణిక కాంట్రాక్ట్‌లో, క్లబ్ రాతపూర్వక అనుమతి లేకుండా గాయం ప్రమాదం ఎక్కువున్న వేరే పనులు చెయ్యకూడదని ఒక నిబంధన ఉంటుంది. కాలేజీ కాగితాల్లోకీ అదే పాకుతుందని నా అనుమానం. పాకితే పాకనివ్వండి, కానీ దానికి ఎదురు నిబంధన కూడా ఉండాలి: చేర్చుకునేటప్పుడు రెండో ఆట ఆడనిస్తామని కోచ్ మాట ఇస్తే అది కాగితం మీద ఉండాలి, కోచ్ మారినా చెల్లాలి, వసంతం ప్రాక్టీస్ మానేసినందుకు డబ్బు కోయకూడదు. స్టార్టర్ చోటు మాత్రం ఎవరూ హామీ ఇవ్వలేరు, ఇవ్వకూడదు కూడా.

రసెల్ విల్సన్ వ్యవహారంలో తేలింది ఇదే. 2010లో కొలరాడో రాకీస్ బేస్‌బాల్ జట్టు నాలుగో రౌండ్‌లో ఎంపిక చేసిన క్వార్టర్‌బ్యాక్ అతను. 2011 వసంతంలో బేస్‌బాల్‌కి వెళ్లాడు. నార్త్ కరొలైనా స్టేట్ కోచ్‌కి వసంతంలో మైదానంలో ఉండే క్వార్టర్‌బ్యాక్ కావాలి, అందుకని విల్సన్‌ని వదిలేసి వెనక ఎదురుచూస్తున్న కుర్రాడికి జట్టు అప్పగించాడు. కోచ్‌ని నేను తప్పుపట్టను. ఆ కుర్రాడికీ న్యాయం జరగాలిగా. విల్సన్ విస్కాన్సిన్‌కి మారాడు, ఆ సీజన్ చివర్లో రోజ్ బౌల్ ఆడాడు, 2014 ఫిబ్రవరిలో సియాటిల్ జట్టుకి సూపర్ బౌల్ గెలిచిపెట్టాడు. మధ్యలో బేస్‌బాల్‌ని తనే వదిలేశాడు, ఎవరూ లాక్కోలేదు.