కిలో 12 రూపాయలకు పోయిన నెవిల్

పొద్దున పదకొండింటికి అమ్మ ఫోను చేసింది. "అటక మొత్తం ఖాళీ చేశానే. పాత పేపర్ల వాడు కిలోకి 12 రూపాయలు ఇచ్చాడు. నీ లావు పుస్తకాలు ఉండబట్టి బాగా తూగింది." ఆ గొంతులో సంతోషం చూడాలి! నా చదువు ఇన్నాళ్లకు ఇంటికి అక్కరకు వచ్చినట్టు.

ఏ లావు పుస్తకాలు అని అడిగేటప్పటికే నాకు చెమటలు పట్టాయి. "అవేనే, చీపుళ్ల మీద ఎగిరే పిల్లలవి. 34 ఏళ్లు వచ్చాయి, ఇంకా అవి ఎందుకు నీకు?"

మంత్రాలు నేర్పే బడిలో చదివే పిల్లల కథలు, హ్యారీ పాటర్ మూడో పుస్తకం, ఐదో పుస్తకం. మూడోదానికి దాని సొంత అట్ట లేదు. ఇంటర్ హాస్టల్లో నాతో ఉన్నవాళ్లకు ఎందుకు లేదో తెలుసు. దాన్ని పీకేసి ఫిజిక్స్ మెటీరియల్ అట్ట అంటించి, స్టడీ అవర్లో వార్డెన్ ముక్కు కిందే చదివిన పుస్తకం అది. ఆ రెండేళ్లు నేను ఊపిరి పీల్చుకున్నది ఆ పేజీల మధ్యనే.

మన దగ్గర ఇంటర్ హాస్టల్ అంటే ఏమిటో ఇక్కడ ఎవరికీ చెప్పనక్కరలేదు. ప్రతి వారం పరీక్ష, ఆ తరువాత గోడ మీద ర్యాంకుల కాగితం, ర్యాంకు పడిపోతే సెక్షన్ మార్పు. ఎంసెట్ మోడల్ పరీక్షలో ఫిజిక్స్‌కు 40కి 6 వచ్చిన వారం, మా సారు నా మార్కుల కాగితాన్ని పిన్నీసుతో చున్నీకి గుచ్చారు. ఎడమ భుజం దగ్గర. అలాగే మెస్సుకు వెళ్లి భోజనం చేసి రమ్మన్నారు. వడ్డించే అబ్బాయి ముందు కాగితం వంక చూశాడు, తరువాత నా వంక చూశాడు, ఏమీ అనకుండా ఇంకో గరిటె సాంబారు పోశాడు. ఆ కాలేజీలో నా మీద ఎవరైనా జాలి చూపించారు అంటే ఆ గరిటెడు సాంబారే.

ఇన్నేళ్లు గడిచినా ఆఫీసులో మేనేజరు "ఒకసారి ఇలా రండి" అంటే నా చెయ్యి దానంతట అది ఎడమ భుజం మీదికి వెళ్తుంది. డస్టరు బల్ల మీద కొట్టినట్టు ఏదైనా చప్పుడైతే ఉలిక్కిపడతాను. మావాళ్లు దీనికి పెట్టిన పేరు "సున్నితం". చిన్నప్పటి నుంచీ సున్నితమేనండీ మా అమ్మాయి, అని వచ్చినవాళ్లకల్లా పరిచయం చేస్తారు.

అలాంటి దాన్ని నిలబెట్టింది ఆ పుస్తకాల్లోని నెవిల్ లాంగ్‌బాటమ్. హీరో కాదు, హీరో పక్కన ఉండేవాడు కూడా కాదు. బొద్దుగా, మతిమరుపుగా, చాలా క్లాసుల్లో తిట్లు తినే పిల్లవాడు. మూడో పుస్తకంలో బొగార్ట్ అని ఒకటి ఉంటుంది. ఎదురుగా నిలబడినవాడు దేనికి ఎక్కువ భయపడతాడో ఆ రూపం ఎత్తుతుంది. ఒకరికి సాలెపురుగు, ఒకరికి కట్లు చుట్టిన మమ్మీ శవం. నెవిల్‌కు? స్నేప్. వాళ్ల మాస్టారు! అది చదివిన రాత్రి పుస్తకం మూసి దుప్పటి కింద చాలాసేపు కదలకుండా పడుకున్నాను. రాక్షసులు, భూతాలు ఉన్న ప్రపంచంలో కూడా ఒక పిల్లవాడికి అన్నిటికంటే పెద్ద భయం మాస్టారే అని ఎవరో రాశారు. అది నాలోని లోపం కాదన్నమాట.

లూపిన్ అనే ఇంకో మాస్టారు నెవిల్‌ను ధైర్యంగా ఉండమనలేదు. మీ నాయనమ్మ ఎలాంటి బట్టలు వేసుకుంటుంది, అని అడిగాడు. మనసులో స్నేప్‌కు ఆ బట్టలు తొడిగి మంత్రం వెయ్యి, అన్నాడు. పొడవాటి ఆకుపచ్చ గౌను, రాబందు కూర్చున్న టోపీ, పెద్ద ఎర్ర సంచి. క్లాసంతా విరగబడి నవ్వింది.

మరుసటి రోజు నేను మనసులో మా సారుకు మా నాయనమ్మ ముదురు ఆకుపచ్చ గద్వాల చీర కట్టాను. చేతికి ప్లాస్టిక్ బుట్ట తగిలించాను. బుట్టలోంచి రెండు ములక్కాడలు బయటికి తొంగి చూస్తున్నాయి. ఆయన గురుత్వాకర్షణ గురించి చెబుతున్నారు, కుచ్చిళ్లు జారిపోతున్నాయి. ఆ రోజు మొదటిసారి ఆయన నా పేరు పిలిస్తే గొంతు వణకలేదు. జబ్బు నయమైపోయిందని చెప్పడం లేదు. ఆ తరువాత ఎన్నేళ్లకో కౌన్సెలరు దగ్గరికి కూడా వెళ్లాను. ఆమెకు ఈ గద్వాల చీర కథ భయపడుతూనే చెప్పాను. ఆమె నవ్వలేదు. కాదు, నవ్వింది, ములక్కాడల దగ్గర.

మావాళ్లు మాత్రం "అవన్నీ కల్పితాలు కదా" అంటారు. ఎవరు? అభిమాన హీరో కటౌటుకు ఇంట్లో పిల్లల పాలు తీసుకెళ్లి పోసిన మా బావ. సీరియల్లో కోడలికి విషం పెట్టారని రాత్రి అన్నం మానేసిన మా పెద్దమ్మ. వాళ్లది అభిమానం, నాది పిచ్చి. సరే.

అసలు ఒళ్లు మండే సంగతి ఇది కాదు. మా ఇంట్లో అద్దాల బీరువా ఒకటి ఉంది. అందులో ముళ్లపూడి వెంకటరమణ గారి బుడుగు ఉంటాడు, బాపు బొమ్మలతో సహా. ప్రైవేటు మాస్టార్లను లెక్కచేయని ఆ గడుగ్గాయిని తలచుకుని నాన్న ఇప్పటికీ కళ్లలో నీళ్లు వచ్చేలా నవ్వుతారు. ఆ పుస్తకం అటక ఎక్కదు, తక్కెడ ఎక్కదు. నాకూ బుడుగంటే ప్రాణమే, వాడితో నాకు తగాదా లేదు. కానీ నాన్నా, మాస్టార్లను ముప్పుతిప్పలు పెట్టే పిల్లవాడిని చూసి అంత మురిసిపోయే మీరు, సొంత కూతురు మాస్టారి గురించి చెబితే ఏమన్నారు?

ఆదివారం. కాయిన్ బాక్సు. ఒక్కొక్కరికి 5 నిమిషాలు. నా వెనక వరుసలో 11 మంది. పిన్నీసు సంగతి చెప్పాను. అవతల కాసేపు చప్పుడు లేదు. తరువాత, "రెండేళ్లే కదమ్మా, సర్దుకో. ఫీజు కూడా కట్టేశాం." ఇంకా రెండు నిమిషాలు మిగిలి ఉండగానే ఫోను పెట్టేశాను. ఇప్పుడు ఆయనే రోజూ ఉదయం ఆరింటికి కుటుంబం గ్రూపులో, సూర్యోదయం బొమ్మ మీద, పిల్లల మనసు గాజు బొమ్మ అని పంపిస్తారు. నేను దండం బొమ్మ పెడతాను.

ఐదో పుస్తకం ఎందుకు దాచానో కూడా చెబుతాను. నెవిల్ తల్లిదండ్రులను శత్రువులు చిత్రహింస పెట్టి మతి పోగొట్టారు, ఇద్దరూ ఆస్పత్రిలోనే ఉంటారు. చూడటానికి వచ్చిన కొడుకు చేతిలో ఆ తల్లి బబుల్‌గమ్ చుట్టిన కాగితం పెడుతుంది. నాయనమ్మ దాన్ని చెత్తబుట్టలో పడేయమంటుంది. ఇలాంటివి నీ గది గోడలకు అంటించేటన్ని ఇచ్చిందిగా, అంటుంది. వాడు ఎవరూ చూడటం లేదనుకుని దాన్ని జేబులో పెట్టుకుంటాడు. 766 పేజీల పుస్తకంలో నాకు ఆ ఒక్క పేజీ చాలు. ఏది చెత్తో ఏది కాదో ఇంట్లో పెద్దవాళ్లకు తెలియదని ఆ పిల్లవాడికి తెలుసు.

సాయంత్రం సెలవు పెట్టి బస్సెక్కి పాత సామాన్ల దుకాణానికి వెళ్లాను. వార్తాపత్రికల కట్టల మధ్య మూడోది దొరికింది, ఫిజిక్స్ అట్టతోనే. దుకాణం ఆయన 50 రూపాయలు అడిగాడు. బేరం ఆడలేదు. ఐదోది అప్పటికే గోడౌనుకు వెళ్లిపోయిందట, రేపు రమ్మన్నాడు.

ఇంటికి వచ్చి అమ్మకు ఫోను చేశాను. పాత బట్టలకు స్టీలు గిన్నెలు ఇచ్చేవాడు మీ వీధికి ఏ రోజు వస్తాడు, నీ పెళ్లి పట్టుచీర 36 ఏళ్లుగా ఊరికే పడి ఉంది కదా, అని అడిగాను. అమ్మ ఇంకా మాట్లాడటం లేదు.