చాథమ్ రొట్టెల బట్టీల సంగతి

అమెరికా స్వాతంత్ర్య యుద్ధంలో, 1781లో, అమెరికా సేనాని వాషింగ్టన్, ఫ్రెంచి సేనాని రోషాంబోల సైన్యాలు బ్రిటిష్‌వాళ్ల మీదికి వర్జీనియాలోని యార్క్‌టౌన్‌కి నడిచిన దారి పొడవునా ఉన్న చారిత్రక బోర్డుల గురించి మీ వ్యాసంలో బాగా రాశారు. న్యూజెర్సీలో అలాంటి బోర్డు ఒకటి రోజూ దాటుకుంటూ ఆఫీసుకి వెళ్లేవాణ్ణి. ఆగి చదవడానికి మూడేళ్లు పట్టింది, అదీ టైరు పంక్చరైతే! న్యూజెర్సీలోనే ఉన్న చాథమ్ ఊరి సంగతి మాత్రం వదిలేశారు. ఫ్రెంచివాళ్లు అక్కడ పెద్ద రొట్టెల బట్టీలు కట్టారు. సైన్యం ఇక్కడే మకాం వేసి న్యూయార్క్ మీద పడుతుందని బ్రిటిష్‌వాళ్లు అనుకోవాలని ఎత్తు. ఈలోగా సైన్యం దక్షిణానికి జారుకుంది. అక్టోబరు 19న యార్క్‌టౌన్‌లో బ్రిటిష్ సేనాని కారన్‌వాలిస్ సైన్యం లొంగిపోయింది. ఆ కారన్‌వాలిసే తర్వాత మన దేశానికి గవర్నర్ జనరల్‌గా వచ్చి, నిజాం, మరాఠాలను కలుపుకుని 1792లో టిప్పు సుల్తాన్ చేత సంధి చేయించుకున్నాడు. ఇదంతా బోర్డులో పట్టదులెండి.