మిగిలిన సరుకు ఎవరి ఖాతాలో?

సెలవుల్లో ఇంటి ముందు బల్ల వేసుకుని, చదివేసిన పుస్తకాలూ తాను చేసిన కాగితపు బొమ్మలూ అమ్ముకునే పిల్ల ఒకవైపు. రాత్రి పొద్దుపోయాక సిగ్నల్ దగ్గర ఆగిన వాహనాల మధ్య బుడగలు పట్టుకుని పరుగెత్తే పిల్ల మరొకవైపు. అనుమతి పత్రాల కోణం నుంచి చూసే నిబంధనలకు ఇద్దరిదీ ఒకటే తప్పు: లైసెన్సు లేని వీధి వ్యాపారం. అమలు దగ్గరకు వచ్చేసరికి మాత్రం మొదటి పిల్లే సులువుగా దొరుకుతుంది. ఆమె తల్లిదండ్రులు పక్కనే ఉంటారు, ఇల్లు ఎదురుగానే ఉంటుంది, జరిమానా వసూలవుతుంది. రెండో పిల్ల యూనిఫాం కంటబడగానే సందులోకి మాయమవుతుంది.

2017లో లండన్‌లో ఇంటికి దగ్గరలో నిమ్మరసం అమ్ముతున్న ఐదేళ్ల పాప విషయంలో స్థానిక సంస్థ సిబ్బంది 150 పౌండ్ల జరిమానా విధించారు. విమర్శలు వచ్చాక ఆ సంస్థ జరిమానాను రద్దు చేసి క్షమాపణ చెప్పింది. అదే ఏడాది అమెరికాలోని యూటా, 2019లో కొలరాడో, టెక్సస్ రాష్ట్రాలు పిల్లల చిరు అమ్మకాలకు అనుమతుల బెడద తొలగిస్తూ చట్టాలు చేశాయి. ఈ సడలింపులను మేము మనస్ఫూర్తిగా సమర్థిస్తున్నాం. నాలుగు డబ్బులు సంపాదించడం, చిల్లర సరిగ్గా లెక్కపెట్టి ఇవ్వడం, బేరం కుదరకపోతే చిన్నబుచ్చుకోకుండా నిలబడటం పిల్లలు నేర్చుకోదగిన విద్యలే. కానీ సడలింపుతోనే పని పూర్తయిందనుకుంటే రెండో పిల్లను గాలికి వదిలేసినట్టే.

ఇద్దరినీ వేరుచేసి చూపే గీటురాయి వయసు ఒక్కటే కాదు. సరుకు అమ్ముడుపోకపోయినా ఆ పిల్ల ఇంటికి వెళ్లిపోగలదా అన్నదే అసలు ప్రశ్న. వెళ్లగలిగితే అది జేబు ఖర్చుల కోసం చేసే పని; మిగిలిన సరుకుకు రేపు తానే జవాబు చెప్పుకోవలసి వస్తే అది చాకిరీ.

ఈ సంగతి పత్రికా రంగానికి తెలిసినంతగా మరెవరికీ తెలియదు. 1898లో స్పెయిన్‌తో యుద్ధం వేళ న్యూయార్క్ పత్రికలు, వీధుల్లో అమ్మే కుర్రవాళ్లకు ఇచ్చే వంద ప్రతుల కట్ట ధరను 50 సెంట్ల నుంచి 60కి పెంచాయి. యుద్ధం ముగిశాక కూడా పులిట్జర్, హర్స్ట్ అనే ఇద్దరు పెద్ద యజమానుల పత్రికలు పాత ధరకు రాలేదు. అమ్ముడుపోని ప్రతుల నష్టమూ పిల్లలదే కావడంతో చీకటి పడ్డా కట్ట ఖాళీ అయ్యేదాకా అరుస్తూ తిరగక తప్పేది కాదు. 1899 జులైలో ఆ పిల్లలు సమ్మెకు దిగారు. ధర తగ్గలేదు కానీ, మిగిలిన ప్రతులను తిరిగి తీసుకోవడానికి యజమానులు ఒప్పుకోవలసి వచ్చింది. పిల్లలు గెలిచింది సరిగ్గా ఆ ఒక్క విషయం మీదే అన్నది గమనించాలి. ఆ తరువాత కూడా ఆ దేశపు ప్రచురణకర్తలు ఈ పిల్లలు తమ ఉద్యోగులు కారనీ, స్వతంత్రంగా వ్యాపారం చేసుకునే చిన్న వర్తకులనీ వాదించి కార్మిక చట్టాల బాధ్యత నుంచి తప్పుకున్నారు. ఇవాళ సిగ్నళ్ల దగ్గర పిల్లలకు బుడగలూ పెన్నులూ అందించే దళారీ చెప్పేదీ ఇదే మాట.

అంతర్జాతీయ కార్మిక సంస్థ 1973 నాటి 138వ ఒప్పందం 13 ఏళ్లు నిండిన పిల్లలకు, ఆరోగ్యానికీ చదువుకూ చేటు తేని తేలిక పనులను అనుమతించింది. ఎన్ని గంటలు, ఏయే షరతులపై అన్నది ప్రభుత్వాలే నిర్ణయించాలంది. బ్రిటన్‌లో బడి ఉన్న రోజు రెండు గంటలకు మించి, ఉదయం ఏడుకు ముందు, సాయంత్రం ఏడు తరువాత పిల్లల చేత పని చేయించరాదు. భారత్‌లో బాల కార్మిక చట్టానికి 2016లో చేసిన సవరణ 14 ఏళ్లలోపు పిల్లలను పనిలో పెట్టడాన్ని నిషేధిస్తూనే, బడి వేళల తరువాతా సెలవుల్లోనూ కుటుంబ వ్యాపారంలో సాయపడవచ్చని మినహాయింపునిచ్చింది. మినహాయింపు సబబే, కాకపోతే సరుకిచ్చిన ప్రతివాడూ బాబాయినో మేనమామనో అని చెప్పుకుంటే నిజానిజాలు తేల్చే యంత్రాంగం ఏదీ?

గంటల లెక్క అవసరమే. అయితే గడియారం చూసి తనిఖీ చేసే అధికారి, సరుకు ఎవరిదో కూడా అడగాలి. సొంత వస్తువులు అమ్ముకునే పిల్లకు ఇంటి ఆవరణలోనూ, వాహనాలు తిరగని చోటా, పగటి వేళ ఏ అనుమతీ అక్కర్లేదని చట్టంలో స్పష్టంగా రాయాలి. రోడ్డు మధ్య అమ్మకం మాత్రం ఏ వయసు పిల్లలకైనా నిషిద్ధం కావాలి. అక్కడ ప్రాణాలతో బేరం పనికిరాదు. పెద్దల సరుకును కమీషన్‌కు పిల్లల చేత అమ్మించడాన్ని ఉద్యోగంగానే పరిగణించి, మిగిలిన సరుకు భారం పిల్లల మీద మోపడాన్ని నేరంగా ప్రకటించాలి.

అన్నిటికంటే ముందు మారవలసింది జప్తు పద్ధతి. పిల్ల చేతిలోని సరుకును సిబ్బంది లాక్కుపోతే దళారీకి పైసా నష్టం లేదు. అది ఆ పిల్ల పేరిట అప్పుగా మారుతుంది, మర్నాడు ఇంకో రెండు గంటలు ఎక్కువ తిరిగి తీర్చవలసి వస్తుంది. సరుకు స్వాధీనం చేసుకున్న ప్రతిసారీ దాన్ని ఇచ్చిందెవరో బాలల సంక్షేమ సిబ్బంది సమక్షంలో నమోదు చేయాలి. ఆ పేరు మీదే కేసు కట్టాలి. పిల్లకు దానిపై బాకీ ఏదీ లేదని అదే కాగితంలో రాసి ఇవ్వాలి.